బరువు నార్మలే, నడుము మాత్రం కాదు

ప్రశ్న: నా వయసు 43. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువుందో చూసే బీఎంఐ లెక్క 24 లోపే వస్తోంది. చేతులు, కాళ్లు సన్నగానే ఉంటాయి. కానీ రెండు మూడేళ్లుగా పొట్ట బాగా ముందుకొచ్చింది. టేపు పెట్టి చూస్తే నడుము 91 సెంటీమీటర్లు ఉంది. ఈ మధ్య నెలసరి కూడా ముందూ వెనకా అవుతోంది. నాకు ఇద్దరు పిల్లలు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పు తర్వాత తగ్గిపోయింది. రోజూ క్రంచెస్ చేస్తున్నాను, నడుముకు చెమట బెల్టు కట్టుకుంటున్నాను, ఏమీ తేడా లేదు. మా అక్క నాకంటే లావు, 70 కిలోలు. తనకి ఒళ్లంతా తొడలు, పిరుదుల దగ్గరే. తన రిపోర్టులన్నీ బాగుంటాయి. నాకేమో మొన్న హెల్త్ చెకప్‌లో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 210 అని వచ్చింది. "బరువు నార్మలే కదా, ఈ వయసులో పొట్ట మామూలే, టెన్షన్ పడకు" అంటున్నారు అందరూ. ఇది అందానికి సంబంధించిందేనా, ఆరోగ్యానికి కూడానా? పొట్ట ఒక్కటే తగ్గించుకునే దారి ఉందా? లైపోసక్షన్ చేయించుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు

సమాధానం: ఆరోగ్యానికి సంబంధించిందే. అందం సంగతి మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. కానీ మీరు రాసిన అంకెలు చూశాక 'టెన్షన్ పడకు' అన్నవాళ్ల మాటతో సరిపెట్టుకోమని మాత్రం చెప్పలేను. భయపడాల్సిన అవసరం లేదు, పట్టించుకోవాల్సిన అవసరం ఉంది.

నిజానికి మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది పొట్ట దగ్గర కాదు. రెండో కాన్పప్పుడు షుగర్ వచ్చిందని, తర్వాత తగ్గిపోయిందని ఒక్క ముక్కలో దాటేశారు చూడండి, అక్కడ. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారికి ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతా తల్లులకంటే ఏడు రెట్లకు పైగా ఎక్కువ. అందుకే కాన్పయిన 4 నుంచి 12 వారాల లోపు గ్లూకోజ్ తాగించి ఒకసారి పరీక్ష చేయాలని, అందులో ఏమీ లేదని తేలినా సరే, జీవితాంతం ఏడాది నుంచి మూడేళ్లకోసారి చూపించుకుంటూ ఉండాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. చాలామంది ఆ మొదటి పరీక్షకే వెళ్లరు. పసిబిడ్డ పనుల్లో పడితే తల్లి రక్తపరీక్ష ఎవరికి గుర్తుంటుంది? మీరు చేయించుకున్నారో లేదో రాయలేదు. చేయించుకోకపోతే ముందు చేయాల్సింది అదే. ఫాస్టింగ్ షుగర్ ఒక్కటే చూసి ఊరుకోకండి. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ గానీ, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు చేసే పరీక్ష గానీ దానితోపాటు చేయించుకోండి.

ఇక మీ అక్కగారి సంగతి. మీకంటే 12 కిలోలు ఎక్కువున్న మనిషి రిపోర్టులు శుభ్రంగా ఉండి, మీవి తేడాగా రావడం అన్యాయంలా అనిపిస్తుంది. ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ చేరిందన్నది కూడా అంతే ముఖ్యం. చర్మం కింద ఉండే కొవ్వు ఒక రకం. వేళ్లతో పట్టుకుంటే చేతికొచ్చేది అదే. తొడల్లో, పిరుదుల్లో ఉండేదీ అదే. పొట్ట లోపల, కండరాల గోడకు వెనక, పేగుల చుట్టూ పేరుకునేది రెండో రకం. దీన్ని డాక్టర్లు విసరల్ ఫ్యాట్ అంటారు. పట్టుకుందామన్నా చేతికి దొరకదు. తొడల కొవ్వు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, ఒకసారి వేస్తే చాలాకాలం కదలదు. లోపలి కొవ్వు రోజూ వేస్తూ తీస్తూ ఉండే ఖాతా. అందులోంచి ఫ్యాటీ ఆసిడ్లు ఎప్పటికప్పుడు రక్తంలోకి వస్తుంటాయి. పేగుల దగ్గరి రక్తం పోర్టల్ సిర గుండా సూటిగా కాలేయానికే వెళుతుంది కాబట్టి ఆ భారమంతా ముందు కాలేయం మీద పడుతుంది. కాలేయం వాటిలో కొంత తనలోనే దాచుకుంటుంది, అదే ఫ్యాటీ లివర్. కొంత ట్రైగ్లిజరైడ్లుగా మార్చి తిరిగి రక్తంలోకి వదులుతుంది. మీకు 150 లోపు ఉండాల్సింది 210 అయిందంటే ఇదే కారణం కావచ్చు. పైగా కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. దాంతో షుగర్ అదుపులో ఉంచడానికి క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేయాల్సి వస్తుంది. కొన్నేళ్లు అలా లాక్కొస్తుంది, ఆ తర్వాత అలసిపోతుంది.

లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదు కూడా. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి, వాపును పెంచే పదార్థాలను అది విడుదల చేస్తుంది. రక్తనాళాలకు మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. బీపీ పెరగడం, మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం వీటి వెంటే వస్తాయి.

మరి ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరికి తొడల్లో, ఇంకొకరికి పొట్టలో ఎందుకు చేరింది? అందులో పెద్ద భాగం పుట్టుకతో వచ్చేదే. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు అందరికీ ఒకేలా ఉండదు. ఆ చోటు ఎక్కువున్నవారు లావుగా కనిపించినా లోపల క్షేమంగా ఉండొచ్చు. తక్కువున్నవారికి సన్నగా ఉండగానే ఆ చోటు నిండిపోయి, మిగిలింది పొట్టలోకి, కాలేయంలోకి చేరుతుంది. ఆసియా మూలాలున్నవారిలో ఇది తక్కువ బరువుకే జరుగుతోందని గమనించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా జనాభాకు బీఎంఐ 23 దగ్గరి నుంచే జాగ్రత్త మొదలవ్వాలన్నారు. మీది 23.8. కాబట్టి 'బరువు నార్మలే' అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇందులో మీ తప్పు వెతుక్కోకండి. మీ అక్కగారు కూడా బీపీ, షుగర్ చూపించుకుంటూనే ఉండాలి. ఆవిడకు మెనోపాజ్ దాటాక లెక్క మారొచ్చు.

ఇది ఇప్పుడు కొత్తగా పుట్టిన భయం కాదు. కొవ్వు ఒంటి పై భాగంలో చేరేవారికి మధుమేహం, గుండెజబ్బులు ఎక్కువ వస్తున్నాయని ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరపు వైద్యుడు జాఁ వాగ్ 1947లోనే రాశాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1,462 మంది స్త్రీలను 12 ఏళ్లపాటు గమనించి 1984లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎవరికి గుండెపోటు వస్తుందో చెప్పడంలో, నడుము కొలతను పిరుదుల కొలతతో భాగిస్తే వచ్చే అంకె, బీఎంఐ కంటే బాగా పనికొచ్చింది. అమెరికాలో 44 వేలమందికి పైగా నర్సులను 16 ఏళ్లు గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. మీకు నేరుగా వర్తించేది అదే. బరువు నార్మల్‌గా ఉండి నడుము 88 సెంటీమీటర్లు, అంతకు పైన ఉన్నవారు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే అవకాశం, అదే బరువులో ఉండి నడుము సన్నగా ఉన్నవారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. మూడు రెట్లనగానే గుండె జారవిడుచుకోకండి. 43 ఏళ్ల స్త్రీకి ఆ ముప్పు అసలే చాలా చిన్నది, చిన్నదానికి మూడు రెట్లయినా ఇంకా చిన్నదే. కాకపోతే ఆ అంకె 60 ఏళ్లు దాటాక చిన్నగా ఉండదు. అప్పటిదాకా మీకు బోలెడంత సమయం ఉంది.

లైపోసక్షన్ గురించి అడిగారు. దానికి సూటి జవాబే ఉంది. 2004లో పొట్ట లావుగా ఉన్న 15 మంది స్త్రీలకు లైపోసక్షన్‌తో దాదాపు 10 కిలోల కొవ్వు తీసేసి, రెండున్నర మూడు నెలల తర్వాత పరీక్షలు చేశారు. ఇన్సులిన్ పనితీరు మారలేదు, బీపీ మారలేదు, ట్రైగ్లిజరైడ్లూ మారలేదు. ఎందుకంటే లైపోసక్షన్ గొట్టం చర్మం కిందికే వెళుతుంది, కండరాల గోడ దాటి లోపలికి పోదు. అంటే తీసేది హాని చేయని కొవ్వు, వదిలేసేది హాని చేసే కొవ్వు. అద్దం కోసమైతే అది మీ ఇష్టం. రిపోర్టుల కోసమైతే దండగ ఖర్చు.

ఆ 91 సెంటీమీటర్లు ఎలా కొలిచారో రాయలేదు. బట్టలు కట్టుకునే చోట కొలిస్తే ఒకలా, బొడ్డు దగ్గర ఒకలా, ఊపిరి బిగబడితే ఇంకోలా వస్తుంది. పక్కటెముకల్లో అన్నిటికంటే కిందిదాన్ని వేలితో తడమండి, తుంటి ఎముక పై అంచునూ తడమండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా, టేపు చర్మాన్ని నొక్కకుండా చూడాలి. రెండుసార్లు కొలిస్తే మంచిది. స్త్రీలకు 80 దాటితే జాగ్రత్త పడమని ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ అంటుంది, అమెరికా వైద్యుల గీత 88 దగ్గర ఉంది. ఏ గీత పట్టుకోవాలో తెలియకపోతే బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2022లో చెప్పిన పద్ధతి తేలిక: నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. మీ ఎత్తులో సగం 78. మీరు 91 దగ్గర, అంటే 0.58 దగ్గర ఉన్నారు. 0.6 దాటితే ముప్పు ఎక్కువున్న కోవలోకి వస్తారు. కాబట్టి గీతకు ఇవతలే ఉన్నారు, కానీ దగ్గరగా ఉన్నారు.

ఒక్క నడుమును బట్టే ఏదీ తేల్చకూడదు. మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసే లక్షణాలు ఒకేచోట చేరడాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. అది ఉందో లేదో చూడ్డానికి డాక్టర్లు ఐదు అంశాలు చూస్తారు, వాటిలో మూడు ఉంటే ఉన్నట్టే. మీకు నడుము, ట్రైగ్లిజరైడ్లు రెండూ ఇప్పటికే ఉన్నాయి. మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ 50 కంటే తక్కువుందా, బీపీ 130/85 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందా, ఫాస్టింగ్ షుగర్ 100 చేరిందా అన్నవి మిగిలాయి. మీ చెకప్ కాగితాల్లోనే ఇవి ఉండి ఉంటాయి, తీసి చూడండి. లివర్ పరీక్ష కూడా చేయమని అడగండి.

మీ వయసు గురించి. నెలసరి ముందూ వెనకా అవుతోందంటే మెనోపాజ్ వైపు అడుగులు పడుతుండొచ్చు. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ సరిగ్గా ఉన్నన్నాళ్లూ కొవ్వును తొడలవైపు పంపుతుంది. అది తగ్గేకొద్దీ బరువు పెరగకపోయినా కొవ్వు పొట్టవైపు చేరుతుంది. కండ కూడా తగ్గుతుంది కాబట్టి బరువు యంత్రం ఏమీ జరగనట్టే చూపిస్తుంది, బట్టలు మాత్రం పట్టవు. వయసుతో పొట్ట మామూలే అన్నవాళ్లు ఇక్కడిదాకా కరెక్టే. మామూలుగా జరిగేదంతా హాని లేనిది కావాలని లేదు కదా.

మెనోపాజ్ తర్వాత ఇంకో ముప్పు తోడవుతుంది. అండాశయాలు ఈస్ట్రోజన్ ఆపేశాక కొవ్వు కణాలే కొంత తయారుచేస్తాయి. కొవ్వు ఎక్కువైతే ఆ ఈస్ట్రోజన్ కూడా ఎక్కువై, రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. అందుకే నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు మూత్రం కారడం గురించి కూడా చెప్పాలి. మీరు రాయలేదు, చాలామంది రాయరు. పొట్ట బరువు మూత్రాశయాన్ని కిందికి నొక్కడం దానికి ఒక కారణం. బరువు ఎక్కువుండి ఈ ఇబ్బంది పడుతున్న 338 మంది స్త్రీల మీద జరిగిన ప్రయోగం 2009లో అచ్చయింది. అందులో బరువు 8 శాతం తగ్గినవారికి అలా కారడం దాదాపు సగానికి తగ్గింది. గుండెజబ్బుల లెక్కలకంటే ఈ ఒక్క ఫలితమే కొందరిని నడకకు పంపిస్తుందని నా నమ్మకం.

ముందుకొచ్చిన పొట్టంతా కొవ్వే కానక్కర్లేదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తండి. పొట్ట మధ్యలో నిలువునా గట్టులా ఉబికి, అక్కడ వేళ్లు లోపలికి దిగుతుంటే, కాన్పుల్లో ఎడంగా జరిగిన కండరాలు మళ్లీ దగ్గరకు రాలేదని అర్థం. అప్పుడు క్రంచెస్ ఆపేయండి. చేసేకొద్దీ ఆ ఉబ్బు పెరగొచ్చు. ఫిజియోథెరపిస్టు దీనికి వేరే వ్యాయామాలు నేర్పిస్తారు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు అనే గడ్డలు, అండాశయంలో సిస్టులు అనే నీటితిత్తులు కూడా పొట్టను పెంచుతాయి. నెలల్లో కాక వారాల్లో పొట్ట పెరిగినా, ఉబ్బరం మూడు వారాలైనా పోకపోయినా, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టున్నా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తున్నా స్కానింగ్ చేయించుకోండి. అండాశయ క్యాన్సర్ ఇలాగే, గ్యాస్ సమస్యలాగే మొదలవుతుంది, అందుకే ఆలస్యంగా దొరుకుతుంది. ముఖం గుండ్రంగా మారడం, చర్మం మీద వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం పొట్టతోపాటు కనిపిస్తే కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువైందేమో చూసే పరీక్ష అవసరం. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడేవారికీ అలా అవుతుంది. వాటిని మాత్రం సొంతంగా ఆపేయకూడదు.

ఇప్పుడు మీ క్రంచెస్, మీ బెల్టు. బెల్టు తీసేయండి. కారేది నీళ్లే, ఒక గ్లాసు నీళ్లు తాగితే తిరిగొస్తాయి. క్రంచెస్‌తో పొట్ట కండరం గట్టిపడుతుంది, దానిమీది కొవ్వు అక్కడే ఉంటుంది. 2011లో 24 మంది మీద చేసిన చిన్న ప్రయోగంలో వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు పొట్ట వ్యాయామాలే చేయించారు. కొవ్వూ తగ్గలేదు, నడుమూ తగ్గలేదు. ఒంట్లో ఫలానాచోట కొవ్వే కరగాలని మనం శాసించలేం. అయితే ఇందులో మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఒంటికి శక్తి అవసరం పెరిగినప్పుడు లోపలి కొవ్వు మిగతా కొవ్వుకంటే ముందే కరగడం మొదలవుతుంది. క్రమం తప్పకుండా నడిచేవారిలో యంత్రం మీద బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంది. కాబట్టి 'పొట్ట ఒక్కటే' అని మీరడిగిన కోరిక పూర్తిగా కాకపోయినా, సగం తీరుతుంది.

ఎంత నడవాలి? మధుమేహం అంచున ఉన్న మూడు వేలమందికి పైగా మనుషుల మీద అమెరికాలో జరిగి 2002లో అచ్చయిన ప్రయోగాన్ని నేను నమ్ముతాను. అందులో చాలామంది స్త్రీలే, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు కూడా ఉన్నారు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, బరువులో 7 శాతం తగ్గడం, ఇవే లక్ష్యాలు. మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మీ బరువులో 7 శాతం అంటే నాలుగు కిలోలు. అంతకు మించి అక్కర్లేదు, తిండి మానేసి పది కిలోలు తగ్గాలని చూస్తే ముందు పోయేది కండే. నడకతోపాటు వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం పెట్టుకోండి. స్త్రీలు దీన్నే ఎక్కువగా వదిలేస్తారు, కండలొస్తాయేమోనని. అంత తేలిగ్గా రావు. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే కాబట్టి మీలాంటివారికి నడక ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టినా చాలు.

తిండి గురించి పెద్ద పట్టిక ఇవ్వను. మీ ట్రైగ్లిజరైడ్లను పెంచేవి నూనెకంటే ముందు చక్కెర, తీపి పానీయాలు, పీచు తీసేసిన ధాన్యం, మద్యం. మొదట తగ్గించాల్సింది తాగే తీపిని. పండ్ల రసం కూడా అందులోదే, పండును పండుగా తినండి. ప్రతి పూటా పప్పుధాన్యాలో, గుడ్లో, ఇంకేదో ప్రొటీన్ ఉండాలి, కూరగాయలు ఎక్కువుండాలి. పొట్ట కరిగించే పొడులు, టీలు కొనకండి.

నిద్ర సంగతి ఎవరూ అడగరు. మేయో క్లినిక్‌లో 12 మంది ఆరోగ్యవంతులను రెండు వారాలు రోజుకు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. వారి లోపలి కొవ్వు దాదాపు 11 శాతం పెరిగిందని 2022లో ప్రకటించారు. తర్వాత కంటినిండా పడుకోనిచ్చినా అది వెంటనే తగ్గలేదు. మీరు రాత్రుళ్లు ఒళ్లంతా వేడిగా అయి, చెమటపట్టి లేస్తుంటే అది మెనోపాజ్ లక్షణం కావచ్చు, దానికి చికిత్స ఉంది. గురక పెడుతూ పగలు కునికిపాట్లు పడుతుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూపించుకోవాలి.

ఈ మధ్య అందరూ మాట్లాడుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు, తర్వాత అడుగుతారు. బరువు తగ్గించేందుకు అమెరికాలో వాటికి అనుమతి ఇచ్చింది బీఎంఐ 30, అంతకు పైన ఉన్నవారికి, లేదా 27 చేరి బీపీ, షుగర్ లాంటివి తోడున్నవారికి. మీ అంకెలతో వాటి జోలికి వెళ్లాల్సిన పనిలేదు. మెనోపాజ్ హార్మోన్ మాత్రలు కూడా పొట్ట తగ్గించడానికి ఇచ్చేవి కావు. నడుము కొలతను నెలకోసారి చూసుకుంటే చాలు, రోజూ చూసుకుంటే ఉబ్బరం తేడాలకే మనసు పాడవుతుంది. ట్రైగ్లిజరైడ్లు మూడు నెలల తర్వాత, డాక్టరు చెప్పినట్టు పరగడుపున మళ్లీ చేయించండి. అప్పటికీ 200 పైనే ఉంటే థైరాయిడ్ పరీక్ష కూడా కలిపి చూడమనండి. థైరాయిడ్ తగ్గినా అవి పెరుగుతాయి.